మితాహారము - కైంకర్యయోగ్యమైన శరీరము

శ్రీభాష్యము మొదటి అధికరణమునందే భగవద్రామానుజులు భక్తియోగమునకు సాధనములుగ ఏడింటిని పేర్కొనిరి. వివేకము, విమోకము, అభ్యాసము, క్రియ, కల్యాణము, అనవసాదము, అనుద్ధర్షము అని వాని పేర్లు. వాక్యకారుడను పూర్వాచార్యుని మతము ననుసరించి చెప్పిన ఈ ఏడింటిలో మొదటిది వివేకము. వివేకమనగానే మనకు ఆత్మానాత్మవిచారము స్ఫురించును. అచ్చట దాని అర్థము వేరు. జాతిదోషము, ఆశ్రయదోషము, నిమిత్తదోషము అను మూడు దోషములు లేని ఆహారమును ఏరుకొని భుజించి, తద్ద్వారా కాయశుద్ధిని పొందుటయే వివేకము. భక్తికి తొలిమెట్టు మన వంటయింటిలోనే ఉన్నదని దీని తాత్పర్యము.

మన వైష్ణవగృహములలో ఈ మూడు దోషములను పరిహరించుటయందు శ్రద్ధ నేటికిని కలదు. నీరుల్లి, వెల్లుల్లి తగలని వంట, మడి, నివేదన, ఎంగిలి పట్టింపు మొదలయినవి ఎల్లరు ఎరిగినవే. అయితే ఇంత శుద్ధముగ వండిన అన్నమును ఎంత తినవలెనను విచారము మాత్రము మనలో సన్నగిల్లినది. పరిమాణమును గూర్చి గీతాచార్యుడు ఆరవ అధ్యాయమున స్పష్టముగ ఆదేశించినాడు. మిక్కిలి తినువానికి యోగము లేదు, బొత్తిగా తిననివానికిని లేదు. అట్లే అతిగా నిద్రించువానికి లేదు, అతిగా మేల్కొనువానికిని లేదు. ఆహారము, విహారము, పని, నిద్ర, మెలకువ అన్నియు తగినంతగ ఉన్నవానికే యోగము దుఃఖమును పోగొట్టును. భారతమున విదురుడును మితముగ భుజించువానికి ఆరు లాభములు చెప్పినాడు. ఆరోగ్యము, ఆయుష్షు, సుఖము, బలము, దోషములేని సంతానము, తిండిపోతు అను నింద పడకుండుట అనునవి ఆ ఆరు. ఐదు లాభములు శరీరమునకు, వంశమునకు సంబంధించినవి. ఆరవది లోకమునకు సంబంధించినది. ధృతరాష్ట్రునివంటి రాజునకు కూడ ఈ ఆరవదానిని చెప్పవలసి వచ్చెనన్న, జిహ్వను జయించుట ఎంత కష్టమో మనము ఊహింపవచ్చును.

శరీరమనగా ఏమి?

దేహము నశ్వరము, దానిపై ఇంత శ్రద్ధ ఎందులకు, అని కొందరు పెద్దలు ప్రశ్నింతురు. వైరాగ్యమువలన పుట్టిన ప్రశ్న గనుక గౌరవింపదగినదే. దీనికి సమాధానము మన సిద్ధాంతమునందే ఉన్నది. శరీరమునకు రామానుజులు చెప్పిన లక్షణము ప్రసిద్ధము. ఏ చేతనుడు ఏ ద్రవ్యమును తన పనికై పూర్తిగ నియమింపగలడో, ధరింపగలడో, ఏ ద్రవ్యము ఆ చేతనునికే శేషభూతమై ఉండునో, అది వానికి శరీరము. ఈ లక్షణముతోనే చిదచిత్తులు రెండును పరమాత్మకు శరీరమని వారు నిరూపించిరి.

ఈ లక్షణమును ఒక్కసారి మన దేహములతో సరిపోల్చి చూచుకొందము. తెల్లవారుజామున సుప్రభాతమునకు లేవవలెనని ఆత్మ సంకల్పించును, దేహము లేవదు. స్వామి పల్లకిని నాలుగడుగులు మోయవలెనని కోరిక కలుగును. భుజము మోయవచ్చునుగాని కాళ్ళు మోయవు. ప్రదక్షిణము చేయబోవ మూడవ చుట్టునకే ఆయాసము వచ్చును. అట్టి శరీరము మనచే నియమింపబడుట లేదు. మనమే దానిచే నియమింపబడుచున్నాము. జీవుడు పరమాత్మకు శేషుడు. జీవుని దేహము కూడ ఆ పరమాత్మ సొత్తే. ఇతరుని సొమ్మును దాచుకొన్నవాడు దానిని పాడుచేయరాదు, తన ముచ్చటకొరకు వాడరాదు. కావున దేహమును అతిభోజనముతో చెరచుటయు, అనవసరమైన కృచ్ఛ్రములతో మాడ్చుటయు, రెండును అపచారములే. అందమునకై సన్నబడవలెనను దృష్టితో ఈ వ్యాసము వ్రాయుట లేదు. కైంకర్యమునకు శరీరము అక్కరకు రావలెను, ప్రయోజనము అంతే.

కరువునాడు, కలిమినాడు

మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములకు ఈ విషయమున ఒక ప్రత్యేకత కలదు. 1832, 1833 సంవత్సరములలో గుంటూరుసీమను పీడించిన నందననామ సంవత్సర కరువును మన పూర్వులు డొక్కలకరువు అని పిలిచిరి. డొక్కలు ఎండిన మనుష్యులు బాటలవెంట పడి ప్రాణములు విడిచిన కాలమది. తరువాత 1855 నాటికి బెజవాడవద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తియై, కాలువలు ఈ నేలపై పారినవి. తెనాలి పట్టణమును చీల్చుకొని పోవు మూడు కాలువలు ఆ భాగ్యమునకు గుర్తులు. మెట్టపైరులు పండిన చేలలో వరి నిండినది. జొన్న, వరిగ, కొఱ్ఱ, ఆరిక తిన్న ఇండ్లలో తెల్లని అన్నము నిత్యభోజనమైనది. బాపట్లలో 1945లో వ్యవసాయకళాశాల వెలసినది. ఆ ఊరి పరిశోధనక్షేత్రమునుండి 1986లో వెలువడిన సాంబమసూరి వరి, బీపీటీ 5204 అను పేరుతో దేశమంతట వ్యాపించినది. ఆ బీపీటీ అను అక్షరములు బాపట్ల పేరునకు గుర్తులే. భావనారాయణస్వామి వెలసిన ఊరిపేరు నేడు లక్షలాది విస్తళ్ళలో అన్నరూపమున వడ్డింపబడుచున్నది.

అన్నమును నిందింపరాదని ఉపనిషత్తు ఆజ్ఞ. కావున దోషము అన్నమునందు లేదు. మన పితామహులు అంత అన్నము తిన్నచో అంత నడిచిరి, దున్నిరి, తోడిరి, దంచిరి. దంపుడుబియ్యములో తవుడు కొంత మిగిలియుండెడిది. నేడు బియ్యము అద్దమువలె మెరయుచున్నది. రోలు, రోకలి, చేద, కాలినడక మాయమైనవి. విస్తరిలోని అన్నపు కుప్ప మాత్రము అట్లే నిలిచినది. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే లెక్కల ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 సంవత్సరముల వయస్సుగల స్త్రీలలో 100 మందికి సుమారు 36 మంది ఉండవలసిన బరువుకంటె ఎక్కువ ఉన్నారు. డొక్కలు ఎండి పోయినవారి మనుమల మనుమలు కడుపు పెరిగి బాధపడుచున్నారు. కరువునాడు భగవంతుని అన్నము ఇమ్మని వేడితిమి, ఇచ్చినాడు. ఆ అన్నమును జీర్ణించుకొను వివేకమును నేడు వేడవలెను.

స్థౌల్యమును గూర్చి వైద్యశాస్త్రము

చరకసంహిత సూత్రస్థానమున ఇరువదియొకటవ అధ్యాయము స్థౌల్యకార్శ్యములను గూర్చినది. అతిస్థూలునకు ఎనిమిది దోషములు అందు చెప్పబడినవి. ఆయుష్షు తగ్గుట, చురుకు లేకుండుట, దాంపత్యమున క్లేశము, దౌర్బల్యము, దుర్గంధము, అధికస్వేదము, అతిక్షుత్తు, అతిపిపాస అని వాని వరుస. చూచుటకు పెద్దదిగా ఉన్న శరీరము బలహీనమని చెప్పుట ఇందలి విశేషము. మేదస్సు ఒక్కటే పెరిగి తక్కిన ధాతువులకు పోషణ చాలకపోవుటయు, మేదస్సుచే మార్గములు మూయబడిన వాయువు కోష్ఠమునందే తిరుగుచు జఠరాగ్నిని రగుల్చుటయు దీనికి కారణములు. అందుచేతనే స్థూలునకు తిన్నకొలది ఆకలి. లోకులు దీనిని ఆశ అని ఎగతాళి చేయుదురు. శాస్త్రము దీనిని వ్యాధి అని గుర్తించినది.

కారణములను చెప్పునపుడు మహర్షి అతిభోజనముతో ఆపలేదు. గురువు, మధురము, శీతము, స్నిగ్ధము అయిన పదార్థములను ఎక్కువగ సేవించుట, వ్యాయామము లేకుండుట, పగటినిద్ర, ఎల్లప్పుడు సంతోషములో తేలుట, ఆలోచన అనునది లేకుండుట అని చెప్పి, చివర బీజస్వభావమును కూడ చేర్చినాడు. తల్లిదండ్రులనుండి సంక్రమించు దేహతత్త్వమును గూర్చి ఆనాడే చెప్పియుండుట గమనింపదగినది. నిత్యహర్షమును కారణముగ చెప్పుట చూడగా, రామానుజులు చెప్పిన ఏడవ సాధనము, అతిసంతోషము లేకుండుటయను అనుద్ధర్షము, జ్ఞప్తికి వచ్చును. భక్తిశాస్త్రము, వైద్యశాస్త్రము ఒక్కచోట కలిసికొన్నవి.

నేటి వైద్యులు మన దేశీయులకు ఒక సులభమైన కొలత చెప్పుచున్నారు. నడుముకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో జాగ్రత్తపడవలెను. మధుమేహము, రక్తపుపోటు, హృద్రోగము ఆ వాకిటనే వేచియుండును.

ఒక తల్లి ప్రశ్న

తెనాలిలో ఒక దేవాలయమున ఉపన్యాసము ముగిసిన తరువాత, అరువది దాటిన ఒక తల్లి గోడపట్టుకొని మెల్లగా వచ్చి నన్ను ఇట్లడిగినది. “ఆచార్యులుగారూ, మోకాళ్ళు వంగటం లేదండీ. స్వామి ఎదుట నేలకు తల ఆనించి పదేళ్ళయింది. కుర్చీలో కూర్చుని దణ్ణం పెట్టుకుంటే ఆయనకు చేరుతుందా?”

“చేరుతుందమ్మా. మీరు చేతులు జోడించకముందే చేరింది” అని చెప్పితిని.

ఆమె కన్నీరు తుడుచుకొని, “ఆయనకు చేరుతుంది సరే, నాకు తీరటం లేదండీ” అని పలికినది.

ఆ మాట నన్ను చాలదినములు ఆలోచింపజేసినది. స్వామికి మన నమస్కారముతో లోటు తీరునది ఏమియు లేదు. మానసికపూజను కూడ ఆయన స్వీకరించును. లోటు మనకే. నేలకు తల ఆనించునపుడు కలుగు శరణాగతిభావము కుర్చీలో కలుగదని ఆ తల్లి అనుభవము. మోకాళ్ళ నొప్పి అంతయు బరువువలన వచ్చినది కాదు. వయస్సు, గాయము, వాతము కూడ కారణములు. అయినను దేహభారము పెరిగినకొలది కీళ్ళపై భారము పెరుగునని వైద్యులెల్లరు చెప్పుచున్నారు. అరువదియవ ఏట స్వామి ఎదుట వంగవలెనన్న, నలువదియవ ఏటనే విస్తరిముందు కొంత తగ్గవలెను. ఈ వ్యాసము ముఖ్యముగ ఆ నలువదివారికొరకే.

భోజనము ఒక హోమము

మనము ఆపోశనము పట్టి, ప్రాణాహుతులు ఐదింటిని చేసి భోజనమునకు ఉపక్రమింతుము. కడుపులో వైశ్వానరుడై ఉండి అన్నమును పచనము చేయువాడు తానేయని భగవంతుడు గీతలో చెప్పినాడు. అగ్నిహోత్రములో నేతిని స్రువముతో కొలిచి వేయుదురు. కడవతో కుమ్మరించినచో అగ్ని ఆరిపోవును. మొదటి ఐదు ఆహుతులను మంత్రముతో, మెతుకులతో చేసి, ఆరవ ఆహుతినుండి లెక్క తప్పుట మన అలవాటు. వాగ్భటాచార్యుడు కడుపును నాలుగు భాగములుగ భావించి, రెండు భాగములు అన్నముతోను, ఒకటి ద్రవముతోను నింపి, నాలుగవదానిని వాయుసంచారమునకు విడువుమని విధించెను. హఠయోగప్రదీపికయు నాలుగవ పాలు విడిచి, ఈశ్వరప్రీతికొరకు భుజించుటయే మితాహారమని నిర్వచించినది.

దీనిని ఇంటిలో ఆచరించు విధము సులభము. అన్నము వడ్డించుకొనుటకు ముందే కూర, పప్పు, పచ్చడి విస్తరిలో చేరవలెను. కూరభాగము పెరిగి అన్నముభాగము తగ్గవలెను. మారు వడ్డనకు ముందు ఒక్క నిముషము ఆగి, ఇది ఆకలియా, రుచియా అని ప్రశ్నించుకొనవలెను. నీరు త్రాగు వేళను గూర్చి కూడ వాగ్భటుడు విభాగము చేసినాడు. భోజనమునకు ముందు త్రాగిన కృశత్వము, మధ్యలో త్రాగిన సమత్వము, చివర త్రాగిన స్థౌల్యము కలుగునని ఆయన మతము. రాత్రి పెరుగు తినుట వైద్యగ్రంథములు నిషేధించినవి. వెన్న తీసిన పలుచని మజ్జిగ అన్నివిధముల మేలు. గ్రీష్మమున తప్ప పగటినిద్ర కఫమును పెంచునని చెప్పిరి. వృద్ధులకు, బాలురకు, అలసినవారికి మినహాయింపు కలదు.

ధాన్యముల విషయమున చరకుడు స్థూలునకు చెప్పిన పథ్యము మన మెట్టభూములకు క్రొత్త కాదు. యవలు, శ్యామాకము, ప్రియంగువు, కోద్రవము, జూర్ణాహ్వము, పెసలు, ఉలవలు అని ఆ పట్టిక. శ్యామాకము మన చామ, ప్రియంగువు కొఱ్ఱ, కోద్రవము ఆరిక, జూర్ణాహ్వము జొన్న. కాలువలు రాకముందు మన పూర్వులు ఏవి తిని బ్రతికిరో అవియే నేడు మందుగ మనకు తిరిగి చెప్పబడుచున్నవి. దినమునకు ఒక పూటయైనను వీనిలో ఒకటి విస్తరిలోనికి వచ్చుట మంచిది. అయితే కొఱ్ఱలతో చేసిన పొంగలిలో నేయి, జీడిపప్పు కుమ్మరించి, ఇది చిరుధాన్యమని సమాధానపడుట ఆత్మవంచన.

ఋతువునుబట్టి భోజనము మారవలెననుటకు మన సాహిత్యమున గొప్ప నిదర్శనము ఆముక్తమాల్యద. శ్రీకృష్ణదేవరాయలు విల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు భాగవతులకు పెట్టిన అతిథిపూజను వర్ణించుచు, వానకాలమునకు ఒక వంట, వేసవికి చలువజేయు పానీయములతో మరియొక వంట, చలికాలమునకు మిరియపు ఘాటుతో వేడి వంట వేరువేరుగ చెప్పినాడు. ఆ ఆళ్వారుగృహములో ఆతిథ్యమనగా అతిథి శరీరమునకు హితమైనది పెట్టుట. నేడు ఆతిథ్యమనగా అతిథి వద్దన్నను వడ్డించుట అయినది. వద్దన్న చేతిపై నేయి పోయుట ప్రేమయే కావచ్చును, హితము మాత్రము కాదు.

ఉపవాసము, పలహారము

నెలకు రెండు ఏకాదశులు. సంవత్సరమునకు 24, అధికమాసము వచ్చినపుడు 26. ఉపవాసమనగా భగవంతునికి సమీపమున వసించుట అని పెద్దల వివరణ. కడుపు తేలికయైనచో మనస్సు స్వామివద్ద నిలుచును. కాని మన ఇండ్లలో ఏకాదశి నాడు జరుగునదేమి? అన్నము మానుదుము, నిజమే. దానికి బదులు ఉదయము ఉప్మా, మధ్యాహ్నము దోసెలు, సాయంకాలము సగ్గుబియ్యపు పాయసము, రాత్రి పండ్లు, పాలు. దశమినాటి భోజనముకంటె ఏకాదశినాటి పలహారమే ఎక్కువ తూగును! ఫలాహారమను సంస్కృతపదములోని ఫలము మన నోటబడి పలహారమగునప్పటికి, పండు పోయి పిండివంట మిగిలినది.

భీమసేనుని కథ ఇచ్చట స్మరింపదగినది. వృకోదరుడగు భీముడు తల్లి, సోదరులు, ద్రౌపది ఆచరించు ఏకాదశీవ్రతమును తాను చేయలేనని వ్యాసుని ఆశ్రయించెను. తన కడుపులోని అగ్ని శమింపదని మొరపెట్టెను. వ్యాసుడు ఆతనిని అపహసింపలేదు, శపింపలేదు. జ్యేష్ఠశుద్ధ ఏకాదశినాడు ఒక్కదినము నిర్జలముగ ఉండుమని ఆతని శక్తికి తగిన మార్గము చూపెను. శక్తినిబట్టి నియమము అనునది ఇందలి ధర్మము. కావున మధుమేహమునకు మందు వాడువారు, గర్భవతులు, వృద్ధులు, వ్యాధిగ్రస్తులు డాక్టరుతో చెప్పక ఉపవాసము చేయరాదు. మందు వేసికొని అన్నము మానినచో రక్తములో చక్కెర హఠాత్తుగ పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. అట్టివారు ఒక పూట లఘుభోజనము చేసి నామస్మరణతో గడపినను వ్రతలోపము లేదు. శాస్త్రము విధింపని ఘోరతపస్సుతో శరీరమును పీడించువారు లోపలనున్న తననే పీడించుచున్నారని భగవంతుడు గీత పదునేడవ అధ్యాయమున హెచ్చరించినాడు. పదిదినములలో పది కిలోలు తగ్గింతుమను ప్రకటనలను నమ్మి నిరాహారముగ ఉండువారు ఈ మాటను చెవియొగ్గి వినవలెను.

ద్వాదశీపారణలో అవిసెయాకు, ఉసిరిక చేర్చు ఆచారము మన వైష్ణవగృహములలో కలదు. శ్రావణమున శాకములు, భాద్రపదమున పెరుగు, ఆశ్వయుజమున పాలు, కార్తికమున ద్విదళధాన్యములు విడుచు చాతుర్మాస్యనియమము కూడ నాలుక పగ్గములను కొంతకొంతగ బిగించు అభ్యాసమే.

ప్రసాదము కాదనవచ్చునా?

భక్తులకు వచ్చు సందేహము ఇది. చక్కెరపొంగలి, పులిహోర, దద్ధ్యోజనము స్వామి ఆరగించినవి. వానిని వద్దనుట అపచారము కాదా? వద్దనవలసిన పని లేదు. తీర్థమును మనము ఉద్ధరిణెతో పుచ్చుకొందుము, చెంబుతో త్రాగము. ప్రసాదమునకును అదే కొలత. అక్షయపాత్ర అంచున అంటుకొనియున్న రవ్వంత శాకాన్నమును శ్రీకృష్ణుడు నోట వేసికొన్నంతనే దుర్వాసుని శిష్యులందరికి కడుపులు నిండినవి. ఆ స్వామి ప్రసాదము ఒక్క మెతుకైనను పూర్ణమే. దానిని దొప్పలకొలది తినుట భక్తిని పెంచదు, మేదస్సును పెంచును. తిరుమలనుండి వచ్చిన లడ్డును మన పెద్దలు చిదిపి వీధిలో ఇంటింటికి పంచెడివారు. ఒక్క లడ్డుతో ఇరువది ఇండ్లకు స్వామి వచ్చెడివాడు. పంచుటలో పుణ్యము, పరిమితి రెండును ఉన్నవి.

ఆండాళ్ తల్లి ఈ రహస్యమును తిరుప్పావైలో అమర్చినది. రెండవ పాశురమున గోపికలు నేయి, పాలు విడిచి వ్రతము పట్టుదురు. ఇరువదియేడవ పాశురమునకు వచ్చునప్పటికి, నేయి మోచేతివరకు కారునట్టి పరమాన్నమును అందరును కూడి భుజింతుమని కోరుదురు. నడుమ ఇరువదినాలుగు పాశురముల నియమము కలదు. విడుచుటకు ఒక కాలము, అనుభవించుటకు ఒక కాలము. అనుభవించుటయు ఒంటరిగ గాక కూడి. నేడు మనకు నిత్యమును ఇరువదియేడవ పాశురమే!

వ్యాయామము, యోగము

వైష్ణవసంప్రదాయమునకు యోగము పరాయిది కాదు. ఆచార్యపరంపరకు ఆద్యులైన నాథమునులు మహాయోగులు. వారి యోగరహస్యము శిష్యపరంపరలో నిలువక లుప్తమైనదని గురుపరంపరాగ్రంథములు చెప్పుచున్నవి. ఆ వంశమువారమని చెప్పుకొన్న తిరుమలై కృష్ణమాచార్యులు (1888-1989) మైసూరునందు, తరువాత మద్రాసునందు యోగము బోధించి, 1934లో యోగమకరందమను గ్రంథమును వెలువరించిరి. వయస్సు, బలము, వ్యాధి చూచి ఎవరికి తగిన అభ్యాసమును వారికి చెప్పవలెననుట వారి బోధకు జీవము.

వ్యాయామము తన శక్తిలో సగమువరకే చేయవలెనని వైద్యశాస్త్రము. నుదుటను, ముక్కునను, కీళ్ళయందును చెమట పోయుట, నోరు ఎండుట సగము శక్తికి గుర్తులు. అచ్చట ఆపవలెను. మొదలుపెట్టువారు ఉదయమున అరగంట నడువవలెను. సమీపమున ఆలయమున్న ప్రదక్షిణములే నడక; నామమే లెక్క. తరువాత మిత్ర, రవి మొదలగు పండ్రెండు నామములతో సూర్యనారాయణునకు నమస్కారములు రెండు, మూడుతో ఆరంభించి నెలకొకటి చొప్పున పెంచుకొనవచ్చును. తాడాసనము, భుజంగాసనము, పవనముక్తాసనము తెలిసినవారివద్ద నేర్చుకొని చేయవలెను. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు వజ్రాసనమునకు పోరాదు. రక్తపుపోటు, హృద్రోగము ఉన్నవారు కపాలభాతి వంటి తీవ్రక్రియలను సొంతముగ చేయరాదు. భోజనము కాగానే నిద్రకు ఒరగక నూరడుగులు మెల్లగ నడచుట అందరికి సాధ్యము. నలుగు పెట్టుకొనుట కఫమును, మేదస్సును కరగించునని వాగ్భటుడు చెప్పినాడు. పండుగకే పరిమితమైన ఆ సెనగపిండి నలుగును వారమునకొకసారి చేసికొనవచ్చును.

అలిపిరి దారిలో మెట్లు 3,550, దూరము సుమారు 9 కిలోమీటర్లు. శ్రీవారిమెట్టు దారిలో 2,388 మెట్లు. ఒక సంవత్సరము తరువాత ఆ మెట్లను నడచి ఎక్కుదునని నేడు సంకల్పించుకొని, ఆ లక్ష్యమునకై దినదినము నడచువానికి నడక భారమనిపించదు. ప్రతి అడుగు ఏడుకొండలవాని వైపునకే కదా! వైద్యుని అనుమతి మాత్రము ముందుగ పొందవలెను.

రెండు హెచ్చరికలు

మొదటిది మందులను గూర్చి. ఆయుర్వేదమను పేరుతో కొవ్వు కరగించు చూర్ణములు, మాత్రలు, కషాయములు ఎన్నియో అమ్ముడుపోవుచున్నవి. వనమూలికయైనంతమాత్రమున హాని చేయదనుకొనుట పొరపాటు. త్రిఫల, తిప్పతీగ, తుంగముస్తలు, గుగ్గులు మొదలగునవి చదివిన వైద్యుడు నాడి, బలము, వయస్సు చూచి ఇచ్చినపుడే ఔషధములు. తేనెను సలసల కాగిన నీటిలో కలుపుకొని త్రాగువారు, తేనెను వేడిచేయుట, వేడితో సేవించుట శాస్త్రనిషిద్ధమని ఎరుగవలెను. మధుమేహులకు తేనె కూడ తీపియే. ఇప్పటికే వాడుచున్న మందులను ఎవరి మాట విని మానరాదు. తగ్గుట మెల్లగ జరుగవలెను. స్థూలునకు మేల్కొనుటను, వ్యాయామమును, ఆలోచనను క్రమక్రమముగ పెంచుమనియే చరకుని ఆదేశము.

రెండవది నోటిని గూర్చి. తినునపుడే కాదు, పలుకునపుడు కూడ నోటికి మితము కావలెను. లావుగ ఉన్న బాలికను బడిలో, పెండ్లిలో, చుట్టముల నడుమ పరిహసించుట మనకు వినోదమైనది. బీజస్వభావమువలన, గ్రంథిదోషమువలన, మందులవలన, ప్రసవమువలన బరువు పెరుగువారు ఎందరో కలరు. ఏ దేహమునందైనను అంతర్యామి ఒక్కడే. ఆ దేహమును హేళన చేయుట ఆయన మందిరముపై రాయి విసరుటయే. హేళనవలన ఎవ్వరును సన్నబడలేదు. కుమిలి, చాటుగ మరింత తిన్నవారే ఎక్కువ. రామానుజులు చెప్పిన ఆరవ సాధనము అనవసాదము, అనగా కుంగిపోకుండుట. ఇంటిలో ఒకరు బరువు తగ్గవలసి ఉన్నచో, ఇంటివారందరును అదే విస్తరి తిని, అదే నడక నడచుట ఉత్తమము.

హనుమంతుని మార్గము

శరీరమును స్వామికార్యమునకు నియమించుట ఎట్లో సుందరకాండలో హనుమంతుడు చూపినాడు. సురస నోరు తెరచినపుడు ఆయన దేహము యోజనములు పెరిగెను; మరుక్షణమే బొటనవ్రేలంతయై లోపలికి పోయి వెలుపలికి వచ్చెను. లంకలో ప్రవేశించునపుడు పిల్లియంత ఆయెను. రామకార్యమునకు ఎంత కావలెనో శరీరము అంతే ఆయెను. రామానుజులు చెప్పిన శరీరలక్షణము హనుమంతునియందు మూర్తీభవించినది.

అంతకంటె మనకు ఆచరణయోగ్యమైనది మైనాకఘట్టము. సముద్రమధ్యమున మైనాకుడు బంగారుశిఖరములతో పైకి లేచి, కందమూలఫలములు భుజించి విశ్రమింపుమని ప్రేమతో ప్రార్థించెను. హనుమంతుడు కోపింపలేదు, ఆశపడలేదు. నీ ఆతిథ్యము నాకు అందినట్లే అని ఆదరముగ పలికి, చేతితో పర్వతమును తాకి, ముందుకు సాగెను. ప్రతి విందులో, ప్రతి ఇంటి గడపలో మనకు ఒక మైనాకుడు ఎదురగును. ఆతని మనస్సు నొప్పింపక, చేతితో తాకినట్లు ఒక్క ముద్ద స్వీకరించి లేచుట మనము నేర్వవలెను. సీతాదర్శనము చేసి మరలివచ్చిన తరువాత వానరులు మధువనములో యథేచ్ఛగ తేనె త్రాగిరి, రాముడు తప్పుపట్టలేదు. కార్యము నెరవేరిన పిమ్మట విందు శోభించును.

మన కార్యము ఇంకను ముగియలేదు. తెల్లవారుజామున లేచుట ఉన్నది, తులసికి నీరు పోయుట ఉన్నది, ఉత్సవమున స్వామివెంట నాలుగు వీధులు నడచుట ఉన్నది, ఆయన ఎదుట నేలపై తల ఆనించుట ఉన్నది. అంతవరకు ఈ మేనును తేలికగ, ఆజ్ఞాబద్ధముగ నిలుపుకొందము.

తెనాలి వైకుంఠపురమున వెలసిన శ్రీనివాసుడు, బాపట్ల క్షేత్రాధీశుడైన క్షీరభావనారాయణస్వామి, భక్తులెల్లరకు మితాహారబుద్ధిని, ఆరోగ్యమును, కడవరకు కైంకర్యము చేయగల దేహపాటవమును అనుగ్రహింతురుగాక.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.